జపాన్‌లో ఒంటరి ప్రయాణం, చవక బస: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్‌లో చవక గదికి ధర తగ్గేది శుభ్రత వల్ల కాదు, భద్రత వల్ల కాదు. స్థలం కోస్తారు, వేళలు బిగిస్తారు. మొదటి రాత్రి ఇబ్బంది పడేవాళ్లలో ఎక్కువమంది పెద్ద పెట్టెతోనో, వేళ కాని వేళలోనో వచ్చినవాళ్లే. కింది జవాబులు ఈ రెండింటి చుట్టూనే ఎక్కువగా తిరుగుతాయి.

చవక బసలు ఎన్ని రకాలు? రాత్రికి ఎంత అవుతుంది?

హాస్టల్ డార్మిటరీలో ఒక మంచానికి మామూలు రోజుల్లో 2,500 నుంచి 5,000 యెన్‌లు. పెట్టె లాంటి అరలో పడుకునే క్యాప్సూల్ హోటల్ 3,000 నుంచి 6,000. తలుపు, బాత్‌రూమ్, తాళం అన్నీ సొంతంగా ఉండే బిజినెస్ హోటల్ సింగిల్ గది 7,000 నుంచి 12,000. టోక్యోలో మినామి-సెంజు, ఒసాకాలో షిన్-ఇమామియా స్టేషన్ల దగ్గర ఒకప్పుడు రోజుకూలీల కోసం కట్టిన లాడ్జీలు ఇప్పుడు ప్రయాణికులకూ గదులిస్తున్నాయి. మూడు తాతామి చాపల గది, అంటే సుమారు 5 చదరపు మీటర్లు. పరుపు పరిస్తే నడవడానికి చోటుండదు. అయినా తలుపు మూసుకుని పడుకోవచ్చు, ధర డార్మిటరీకి దగ్గరగానే ఉంటుంది. గురక పడనివాళ్లు ముందు వీటిని చూడండి.

శనివారం రాత్రి ధర దాదాపు ప్రతిచోటా పెరుగుతుంది. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా గోల్డెన్ వీక్ సెలవులు, ఆగస్టు మధ్యలో ఓబోన్ పండుగ, కొత్త సంవత్సరం, చెర్రీ పూలు పూసే మార్చి చివర - ఈ రోజుల్లో పై అంకెల మీద ఆశ పెట్టుకోకండి.

విమానం రాత్రి దిగితే మొదటి రాత్రి ఎక్కడ?

టోక్యోకి దూరంగా ఉన్న నరితా విమానాశ్రయంలో దిగుతుంటే ఊళ్లోకి రైళ్లు రాత్రి 11 ప్రాంతంలో అయిపోతాయి. ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ కలిపి గంటన్నర వేసుకోండి. అంటే 9 తర్వాత దిగే విమానమైతే ఆ రాత్రి విమానాశ్రయం దగ్గరే ఉండటం మేలు. రెండో టెర్మినల్ పార్కింగ్ భవనంలో క్యాప్సూల్ హోటల్ ఉంది. టోక్యో ఇంకో విమానాశ్రయం హనేదా ఊరికి దగ్గర, అక్కడి మూడో టెర్మినల్ రాత్రంతా తెరిచే ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. చిన్న గెస్ట్‌హౌస్‌లలో రిసెప్షన్ రాత్రి 9కో 10కో మూసేస్తారు. బుకింగ్‌లో 'ఎన్ని గంటలకు వస్తారు' అన్న గడిని ఖాళీగా వదిలేయకండి. అక్కడ రాసిన వేళ దాటి రెండు గంటలైనా రాకపోతే బుకింగ్ రద్దు చేసి పూర్తి డబ్బు పట్టుకునే చోట్లున్నాయి. ఆలస్యమైతే మెసేజ్ పెట్టండి. తలుపు కోడ్, తాళం పెట్టెలో కీ లాంటి ఏర్పాటు చేస్తారు.

వీసాకీ, ఇమిగ్రేషన్‌కీ బస వివరాలు ఎంతవరకు కావాలి?

వీసా దరఖాస్తుతో ఇచ్చే రోజువారీ ప్రణాళికలో ప్రతి రాత్రికీ బస పేరు, చిరునామా, ఫోన్ నంబర్ రాయాలి. ఉచితంగా రద్దు చేసుకునే బుకింగ్‌లు పెట్టుకుంటే వీసా వచ్చాక మార్చుకోవచ్చు. విమానం ఎక్కేముందు నింపే 'విజిట్ జపాన్ వెబ్' ఫారంలోనూ మొదటి బస చిరునామా అడుగుతారు. దాన్ని ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌గా, కాగితం మీద జపనీస్ అక్షరాల్లో, రెండు రకాలుగానూ దగ్గరుంచుకోండి. కాగితం పోలీస్ బూత్‌లో చూపించడానికి పనికొస్తుంది.

మ్యాప్ చేరుకున్నారంటోంది, హోటల్ మాత్రం కనపడట్లేదు. ఎందుకు?

చాలా వీధులకు పేర్లుండవు. చిరునామాలో 3-12-7 అని ఉంటే 3 పేట విభాగం, 12 అందులో బ్లాకు, 7 ఆ బ్లాకులో భవనం. 7 పక్కన 8 ఉంటుందని లెక్క వేసుకోకండి, అంకెలు రోడ్డు వెంట వరసగా పోవు. పైగా చవక హాస్టళ్లు తరచుగా భవనం నాలుగో అంతస్తులోనో ఐదో అంతస్తులోనో ఉంటాయి, కింద నూడుల్స్ కొట్టు ఉంటుంది. తలెత్తి నిలువు బోర్డు చూడండి, లేదా లిఫ్ట్ పక్కన అంతస్తుల జాబితా చూడండి. స్టేషన్‌లో ఏ నంబర్ ఎగ్జిట్ నుంచి బయటికి రావాలో ముందే రాసుకోండి. టోక్యోలోని షింజుకు లాంటి పెద్ద స్టేషన్‌లో తప్పు ఎగ్జిట్ అంటే పెట్టె లాగుకుంటూ ఇరవై నిమిషాల నడక.

ఉదయం 8కే చేరాను. గది ఇస్తారా?

ఇవ్వరు. చెక్-ఇన్ 3కో 4కో మొదలవుతుంది, నిమిషం ముందు కూడా తాళం చెవి చేతికి రాదు. బతిమాలితే పనవుతుందన్న మన అలవాటు అక్కడ సాగదు, అడిగితే మర్యాదగా నవ్వి కాదంటారు. కానీ సామాను ఉచితంగా ఉంచుకుంటారు. ట్యాగ్ కట్టి సగం ముక్క ఇస్తారు, దాన్ని పారేసుకోవద్దు. రిసెప్షన్ మూసి ఉంటే స్టేషన్ లాకర్: చిన్నది 400 యెన్‌ల నుంచి, పెద్ద సూట్‌కేస్ పట్టేది 700 నుంచి 1,000. అందులో మూడు రోజులకు మించి ఉంచకూడదు. పెద్ద లాకర్లు పర్యాటక స్టేషన్లలో పొద్దున 10 కల్లా నిండిపోతాయి.

పాస్‌పోర్ట్ కాపీ తీసుకుంటున్నారు. ఇవ్వాలా?

ఇవ్వాలి. జపాన్‌లో చిరునామా లేని విదేశీయుల పాస్‌పోర్ట్ నంబర్, జాతీయత నమోదు చేయడం బసలకు తప్పనిసరి. ఫోన్‌లోని ఫోటో సరిపోదు, అసలు పుస్తకం చూపించాలి. బయట తిరిగేటప్పుడు కూడా అది మీ ఒంటిమీదే ఉండాలన్నది అక్కడి చట్టం, కాబట్టి లాకర్‌లో పెట్టి వెళ్లకండి.

చెప్పులు ఎక్కడ విడవాలి?

తలుపు దాటగానే నేల ఒక మెట్టు ఎత్తుగా ఉంటే, ఆ మెట్టు కిందే. మన ఇళ్లలో గడప దగ్గర విడిచినట్టే, కాబట్టి ఇది మనకు కొత్త కాదు. కొత్తది స్లిప్పర్ల లెక్క. నడవాలో ఒక జత, టాయిలెట్ తలుపు దగ్గర ఇంకో జత, తాతామి చాప మీద ఏదీ వద్దు. టాయిలెట్ జతతోనే బయటికి వచ్చేయడం అందరూ చేసే పొరపాటు.

క్యాప్సూల్ హోటళ్లలో బూట్ల లాకర్ చెవిని కౌంటర్‌లో ఇస్తే బదులుగా మీ సామాను లాకర్ చెవి ఇస్తారు. అంటే మీ బూట్లు వాళ్ల దగ్గర హామీగా ఉన్నట్టు. మధ్యలో బయటికి వెళ్లాలంటే మళ్లీ మార్చుకోవాలి.

క్యాప్సూల్ లోపల ఎలా ఉంటుంది? పెట్టె పడుతుందా?

పొడవు 2 మీటర్లు, వెడల్పు 1 మీటరు, ఎత్తు 1 మీటరు లెక్కేసుకోండి. కూర్చుంటే తల పైకప్పుకి తగలకుండా ఆగుతుంది, మోకాళ్ల మీద నిలబడలేరు. తల వైపు గోడలో చిన్న ప్యానెల్: లైటు తిప్పే గుండ్రని బటన్, రెండు పిన్నుల సాకెట్, కొన్నిట్లో యూఎస్‌బీ రంధ్రం, అలారం. కాళ్ల వైపు తలుపు ఉండదు, కిందికి లాగే వెదురు తెరో గుడ్డ తెరో ఉంటుంది. తాళం అసలే ఉండదు. విలువైనవి లాకర్‌లో పెట్టండి.

ఆ లాకర్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది, వీపున తగిలించుకునే బ్యాగే కష్టం మీద దూరుతుంది. పెద్ద సూట్‌కేస్‌ని రిసెప్షన్ దగ్గర గొలుసు కట్టి ఉంచుతారు. కాబట్టి పైకి వెళ్లేముందే రాత్రికి కావలసినవి ఒక గుడ్డ సంచిలో సర్దుకోండి: ఛార్జర్, బ్రష్, మందులు, రేపటి బట్టలు, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్‌లు. పెట్టె తెరవడానికి రాత్రి మూడుసార్లు కిందికి దిగే పరిస్థితి దీనివల్లే తప్పుతుంది.

రెండు రాత్రులు బుక్ చేసినా చాలా క్యాప్సూల్ హోటళ్లలో ఉదయం 10కి ఖాళీ చేసి మధ్యాహ్నం మళ్లీ చెక్-ఇన్ చేయాలి. ఆ మధ్య శుభ్రం చేస్తారు. జ్వరం వస్తే పగలు పడుకోవడానికి చోటుండదు. అందుకే మూడు రాత్రులకు మించి ఒకే ఊళ్లో ఉండేవాళ్లకి క్యాప్సూల్‌ని మేం సిఫార్సు చేయం.

రాత్రి ఎంత నిశ్శబ్దంగా ఉండాలి?

10 దాటాక ప్లాస్టిక్ కవర్ గరగర కూడా ఫిర్యాదుకి కారణమే. వస్తువుల్ని గుడ్డ సంచుల్లో పెట్టుకోండి. అలారం వైబ్రేషన్‌లో పెట్టి ఫోన్ దిండు కింద ఉంచండి. ఇంటికి వీడియో కాల్ మంచం మీద వద్దు, లాంజ్‌లోకి వెళ్లండి. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ రాత్రి భోజనాలయ్యాక 9కి అమ్మ ఫోన్ చేస్తే అక్కడ పన్నెండున్నర. ఆ వేళ ముందే చెప్పి పెట్టుకోండి.

మన ఛార్జర్లు, కెటిల్ పని చేస్తాయా?

అక్కడ కరెంటు 100 వోల్టులు, సాకెట్‌లో రెండు చదును పిన్నులకే చోటు. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద '100-240' అని ఉంటే అడాప్టర్ ఒక్కటి చాలు. అడాప్టర్‌కి రెండు చదును పిన్నులే ఉండాలి, మూడోది ఉంటే గోడలో దూరదు. ఒక పిన్ను రెండోదానికంటే వెడల్పుగా ఉన్న రకం పాత సాకెట్లలో ఇరుక్కుంటుంది. రెండూ ఒకే వెడల్పు ఉన్నది కొనండి.

వేడి చేసే వస్తువుల సంగతి వేరు. 230 వోల్టుల కెటిల్‌ని 100 వోల్టుల మీద పెడితే శక్తి ఐదో వంతుకు పడిపోతుంది. 1,500 వాట్లది 280 వాట్ల దగ్గర పని చేసి, లీటరు నీళ్లు కాగడానికి పావు గంట పైనే తీసుకుంటుంది. రైస్ కుక్కర్ అన్నం ఉడికించదు, నానబెడుతుంది. రెండూ ఇంట్లోనే వదిలేయండి. కెటిల్ దాదాపు ప్రతి హాస్టల్‌లో, బిజినెస్ హోటల్ గదిలో ఉంటుంది. పంపు నీళ్లు తాగడానికి పనికొస్తాయి.

టాయిలెట్‌లో బటన్లు అన్నీ జపనీస్‌లో ఉన్నాయి. ఏది నొక్కాలి?

నీళ్లు లేని దేశాల్లో తిరిగి విసిగిన తెలుగువాళ్లకి ఇక్కడ ప్రాణం లేచొస్తుంది. వెనక్కి నీళ్లు కొట్టే బటన్ మీద కూర్చున్న ఆకారం, కింద ఫౌంటెన్ బొమ్మ ఉంటాయి. ఆడవాళ్ల బొమ్మ ఉన్నది ముందువైపుకి. ఆపడానికి చదరం గుర్తు ఉన్న బటన్, ఎక్కువగా నారింజ రంగులో. ధార బలం తగ్గించి మొదలుపెట్టండి. కూర్చోకుండా నొక్కితే సెన్సర్ వల్ల నీళ్లు రావు.

ఫ్లష్ వేరుగా ఉంటుంది. చేతులు చాచి కాళ్లు ఎడం చేసి నిలబడ్డ మనిషిలా కనిపించే అక్షరం పెద్ద ఫ్లష్, నిలువు గీతకి అటూ ఇటూ చిన్న గీతలున్నది చిన్న ఫ్లష్. గోడమీద విడిగా ఉన్న ఎర్ర బటన్ సహాయం కోసం పిలిచేది. నొక్కితే సిబ్బంది పరుగెత్తుకొస్తారు. టిష్యూ కాగితం కుండీలో కాదు, కమోడ్‌లోనే వేయాలి.

స్నానం అందరితో కలిసి చేయాలా?

హాస్టల్ అయితే గడియ ఉన్న షవర్ గదులుంటాయి, బాధ లేదు. కొన్నిట్లో 100 యెన్ నాణెం వేస్తే నిర్ణీత నిమిషాలే నీళ్లొస్తాయి. సబ్బు రాసుకునేటప్పుడు ఆపే బటన్ నొక్కితే గడియారం ఆగుతుంది. ఆ బటన్ ఎక్కడుందో బట్టలు విప్పకముందే చూసుకోండి.

క్యాప్సూల్ హోటళ్లలో, పాత లాడ్జీల్లో ఉమ్మడి స్నానశాల ఉంటుంది. మగవాళ్లకి, ఆడవాళ్లకి వేరు. లోదుస్తులతో దిగనివ్వరు. పద్ధతి: చిన్న తువ్వాలు ఒక్కటే లోపలికి, పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లు పూర్తిగా కడుక్కోవాలి, నురగ పోయాక తొట్టిలోకి. తొట్టి నాననివ్వడానికి, రుద్దుకోవడానికి కాదు. తువ్వాలు నీళ్లలో ముంచకండి, తలమీద పెట్టుకోండి. నీళ్లు 40 డిగ్రీల పైమాటే, మొదటిరోజు ఐదు నిమిషాలు చాలు. సిగ్గుగా ఉంటే మధ్యాహ్నం చెక్-ఇన్ కాగానే వెళ్లండి, ఖాళీగా ఉంటుంది. పచ్చబొట్టు ఉంటే దిగనిస్తారా అని కౌంటర్‌లో ముందే అడగండి.

బిజినెస్ హోటల్‌లో పంపు తిప్పితే నీళ్లు నెత్తిమీద పడ్డాయి. ఎందుకలా?

ప్లాస్టిక్ పెట్టెలా ఒకే ముక్కగా బిగించిన ఆ బాత్‌రూమ్‌లో వాష్‌బేసిన్‌కీ, తొట్టికీ, షవర్‌కీ పంపు ఒకటే. కడ్డీని ఎటు తిప్పితే నీళ్లు అటు పోతాయి. ముందు మనిషి షవర్ వైపు వదిలేసి ఉంటాడు. తెరిచేముందు కడ్డీ ఎటుందో చూడండి. షవర్ తెర అంచు తొట్టి లోపలికి ఉండాలి. బ్రష్, రేజర్, దువ్వెన గదిలో కాకుండా లాబీలో అల్మరా దగ్గర పెడతారు, కావలసినవి తీసుకోండి.

తాతామి గదిలో పరుపు మనమే పరచుకోవాలా?

చవక చోట్ల మనమే. అల్మరాలోంచి కింది పరుపు తీసి చాప మీద వేసి, దుప్పటి అంచులు కిందికి మడిచి, పైన బొంత. పొద్దున మూడు మడతలు పెట్టి ఎత్తేయండి. పరచే ఉంచితే ఒంటి చెమ్మ చాపలోకి దిగి బూజు పడుతుంది. పెట్టె చక్రాలు తాతామి మీద దొర్లించకండి, చాప చిరిగితే డబ్బు కట్టాలి.

బట్టలు ఎలా ఉతుక్కోవాలి?

హాస్టల్ మెషీన్ 200 నుంచి 400 యెన్‌లు, డ్రైయర్ 100కి ఇరవై, ముప్పై నిమిషాలు. జీన్స్ ఒక విడతకి ఆరదు. మెషీన్లు 100 యెన్ నాణేలే తీసుకుంటాయి, రాత్రి 9కి చిల్లర వెతుక్కోవడం కంటే రోజూ వచ్చిన వందలు పక్కన పెట్టుకోండి. 2024 జులైలో వచ్చిన కొత్త నోట్లని పాత చిల్లర మెషీన్లు తీసుకోకపోవచ్చు. పని పూర్తయ్యే వేళకి అక్కడుండండి, లేకపోతే తర్వాతి మనిషి మీ తడి బట్టలు బుట్టలో వేసేస్తాడు. అది అక్కడ తప్పు కాదు.

ఇంటి నుంచి తిండి తీసుకెళ్లొచ్చా? శాకాహారులు ఏం తినాలి?

ముందు తేకూడనివి. కోడి పచ్చడి, గోంగూర మటన్, రొయ్యల పొడిలో కలిపిన మాంసం - మాంసం ఏ రూపంలో ఉన్నా నిషేధం, సీసా సీలు వేసి ఉన్నా సరే. శిక్ష మూడేళ్ల జైలు లేదా 30 లక్షల యెన్‌ల జరిమానా దాకా వెళ్లొచ్చు. తాజా కరివేపాకు, పచ్చిమిర్చి, పండ్లు వంటివి తేకండి. కందిపొడి, కారప్పొడి, పులిహోర పొడి లాంటివి ప్యాకెట్లలో తెచ్చుకుని, కస్టమ్స్‌లో అడిగితే చూపించండి.

అక్కడ కూరగాయల వంటకంలోనూ దాషి అనే చేపల రసం ఉంటుంది. సూప్, నూడుల్స్, టోఫు మీద పోసే పులుసు, చాలావాటిల్లో. 'నికు తో సకనా వా తబెమాసెన్' అంటే మాంసం, చేప తినను అని. కానీ దాషిని చాలామంది చేపగా లెక్కించరు, కాబట్టి 'దాషి మో' (దాషి కూడా) అని కలపండి.

దుకాణంలో దొరికే వాటితో పెరుగన్నం ఐదు నిమిషాల పని. 200 గ్రాముల వండిన అన్నం ప్యాకెట్ అంచు కొద్దిగా తెరిచి మైక్రోవేవ్‌లో 500 వాట్ల మీద 2 నిమిషాలు. చల్లారాక 400 గ్రాముల చక్కెర లేని పెరుగు డబ్బాలో సగం, ఉప్పు. అక్కడి అన్నం జిగురుగా ఉంటుంది, పులిహోరకి పనికిరాదు కానీ పెరుగుకి బాగా కుదురుతుంది. పెరుగు కొనేటప్పుడు తెల్లటి సాదా డబ్బా అని చూసుకోండి, వెనిలా రుచిది కూడా అలాగే కనిపిస్తుంది. పప్పు, బియ్యం, మసాలాలు కావాలంటే టోక్యోలో షిన్-ఓకుబో, నిషి-కసాయి ప్రాంతాల భారతీయ దుకాణాలు చూడండి.

హాస్టల్ వంటగదిలో పోపు పెట్టొచ్చా అని అడుగుతారు. పెట్టొచ్చు, కానీ ఎండుమిర్చి వద్దు. ఆ ఘాటుకి పొగ అలారం మోగినా మోగుతుంది, భవనమంతా మెట్లమీదికి వస్తుంది. ముందు పొయ్యిపైన ఫ్యాన్ వేయండి. ఎక్కువ చోట్ల ఇండక్షన్ పొయ్యిలే, అయస్కాంతం అంటుకోని గిన్నె వేడెక్కదు. ఫ్రిజ్‌లో పెట్టే ప్రతిదానిమీదా పేరు, వెళ్లే తేదీ రాయండి. రాయనివి పారేస్తారు.

చెత్త ఎక్కడ వేయాలి?

బయట చెత్తకుండీలు దాదాపు ఉండవు. 1995 టోక్యో మెట్రో విషవాయువు దాడి తర్వాత చాలాచోట్ల తీసేశారు. సంచిలో మోసుకొచ్చి బసలోనే వేయాలి. కాలేవి, కాలనివి, డబ్బాలు, సీసాలు వేరు. ప్లాస్టిక్ సీసాకి మూత, చుట్టూ ఉన్న లేబుల్ తీసి, కడిగి వేయాలి.

అదనంగా పన్ను వేస్తారా?

కొన్ని ఊళ్లలో. టోక్యోలో మనిషికి రాత్రికి 10,000 యెన్‌ల లోపు గదికి ఏమీ లేదు. క్యోటోలో చవక గదికీ ఉంది: 2026 మార్చి 1 నుంచి 6,000 లోపైతే 200, 6,000 నుంచి 19,999 దాకా 400. ముందే డబ్బు కట్టినా ఇది కౌంటర్‌లో విడిగా అడగొచ్చు, మోసం కాదు. నగదు కోసం సెవెన్-ఎలెవెన్ దుకాణాల్లోని ఏటీఎం విదేశీ కార్డులు తీసుకుంటుంది. బయల్దేరేముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేయకపోతే అక్కడ ఓటీపీ కూడా రాని స్థితిలో చిక్కుతారు.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి ఏది మేలు?

ఆడవాళ్ల డార్మిటరీ, లేదా ఆడవాళ్లకి వేరే అంతస్తు, లిఫ్ట్‌కి కార్డు ఉన్న క్యాప్సూల్. బుక్ చేసేముందు చూడండి, చాలా క్యాప్సూల్ హోటళ్లు మగవాళ్లకే. 'మిక్స్‌డ్' అని ఉంటే ఒకే గదిలో అందరూ.

భూకంపం వస్తే?

గదిలో అందరి ఫోన్లూ ఒక్కసారిగా అరుస్తాయి. చేతిలో ఉండేది కొన్ని సెకన్లు. దిండు తలమీద పెట్టుకుని ఉన్నచోటే ఉండండి, మెట్లవైపు పరుగెత్తకండి, లిఫ్ట్ ఎక్కకండి. ఊగడం ఆగాక సిబ్బంది చెప్పింది చేయండి. విదేశీ సిమ్‌కి హెచ్చరిక రాకపోవచ్చు, 'సేఫ్టీ టిప్స్' యాప్ పెట్టుకోండి. మీ బూట్లు కింది లాకర్‌లో ఉంటాయి కాబట్టి గాజు ముక్కల మీద నడవకుండా స్లిప్పర్లు మంచం పక్కనే పెట్టి పడుకోండి. అంబులెన్స్, ఫైర్ 119, పోలీసు 110.

ఊరు మారేటప్పుడు పెద్ద పెట్టెని ఏం చేయాలి?

తక్యుబిన్ అనే పార్శిల్ సేవతో పంపేయండి. కౌంటర్‌లోనో కన్వీనియన్స్ దుకాణంలోనో ఫారం నింపితే టోక్యో నుంచి క్యోటోకి మర్నాటికి చేరుతుంది. పెద్ద సూట్‌కేస్‌కి సుమారు 2,000 నుంచి 3,500 యెన్‌లు. ఫారంలో బుకింగ్ పేరు, చెక్-ఇన్ తేదీ రాయకపోతే అవతలి హోటల్ తీసుకోదు. రిసెప్షన్ లేని బసలు అసలే తీసుకోవు, ముందే అడగండి. ఒక రాత్రికి సరిపడా బట్టలు, మందులు చేతిసంచిలో ఉంచుకోండి.

మీరే మోసుకెళ్తే టోక్యో-ఒసాకా షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకి సామాను చోటుతో ఉన్న సీటు రిజర్వ్ చేయాలి. చేయకపోతే 1,000 యెన్‌లు కట్టాలి. 28 అంగుళాల పెట్టెలు ఈ గీత దగ్గరే ఉంటాయి, చక్రాలు, పిడితో కలిపి టేపు పెట్టి కొలవండి.

ఖాళీ చేసేటప్పుడు ఏం చేయాలి?

10 అంటే 10. దాటితే గంటకింత అని వేస్తారు. హాస్టల్‌లో దుప్పటి, దిండుగలీబు తీసి నడవాలోని బుట్టలో వేయండి. పరుపు సందులో ఛార్జర్, దిండు కింద కళ్లద్దాలు, ఫ్రిజ్‌లో మిగిలిన పెరుగు చూసుకోండి. తాళం చెవిని కౌంటర్ మీద పెట్టెలో వేశాక లాకర్ మళ్లీ తెరుచుకోదు, అందుకే చివరిగా వేయండి.